అక్క ‘సరే’ అనేదాకా

1. సోమవారం

ఏ విశేషమూ లేని ఒక ఉదయం ఎలా గడిచిందో రాసుకు రమ్మన్నారు రహీమా మేడం. మొదటి పాఠానికి ముందే ఇచ్చిన ఇంటిపని అది. మొన్నటి శనివారం రాస్తున్నాను.

వెలుగు రాకముందే లేచాను. పోటు ఎక్కుతోంది. అప్పుడు మా తెప్పలపేట అంతా మెల్లగా ఊగుతుంది. తెప్పకూ తెప్పకూ కట్టిన మోకులు కిర్రుమంటాయి. చేతిపట్టీ విప్పి గూట్లో పెట్టి, తూర్పు కిటికీ దగ్గర మోకరించాను. అందరి పేర్లూ చెప్పుకున్నాను. చెల్లెలు కెజియా భర్త ఏలియా పేరు దగ్గర ఈమధ్య ఎక్కువసేపు ఆగుతున్నాను. అతని మూత్రపిండాలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు రక్తం శుద్ధి చేయించుకోవాలి కాబట్టి నిరుటి నుంచి వైద్య నౌక మీదే ఉంటున్నాడు. కెజియా ఆదివారం ఆరాధన కాగానే పడవెక్కి వెళ్ళి చూసి వస్తుంది.

లేచి పట్టీ పెట్టుకున్నాను. అది వెంటనే గుర్రుమని, నీళ్ళ పనుల ప్రశ్నలు చూపించింది. ‘రెండో మోటారు వేయనా?’ సరే. ‘వడపోత కడగనా?’ సరే. ‘చేపల తెప్పకు నీళ్ళు వదలనా?’ సరే. రోజూ ఉండేవే. వేలితో నొక్కుతూ వంటింట్లోకి వచ్చాను. ఇంటి మీది ట్యాంకు రాత్రికే ఖాళీ అయింది. కుళాయి దగ్గి, గాలి వదిలి, నీళ్ళు పోసింది. ఎప్పుడూ అంతే. నేను ప్రార్థన ముగించి వచ్చేసరికి నీళ్ళు వస్తాయి. స్తోత్రం చెప్పుకుని గంజికి ఎసరు పెట్టాను.

తమ్ముడి భార్య మార్త ఎండుచేపలు కాల్చింది. తమ్ముడు దేవదానం చేతులకు గ్రీజుతోనే వచ్చి చాప మీద కూర్చున్నాడు. పక్క తెప్ప నుంచి కెజియా వచ్చి అదే చాప మీద, అతనికి జానెడు దూరంలో కూర్చుంది.

“అక్కా, కెజియాతో చెప్పు. వడపోతలు సరిగ్గా కడగట్లేదు. నీళ్ళు ఆలీసంగా వస్తన్నాయి” అన్నాడు దేవదానం.

నేను కెజియాతో చెప్పాను.

“అక్కా, అన్నతో చెప్పు. వడపోతలు అద్దంలా ఉన్నాయి. మోటారే ముసిల్దయిపోయింది.”

నేను దేవదానంతో చెప్పాను.

“ముంతలో చారు ఎవరికైనా కావాలా, లేకపోతే అది కూడా వదినే అడగాలా?” అంది మార్త.

ఆ ఉదయం అంతే. ఇల్లు నిండా మనుషులు, గిన్నె నిండా గంజి. దేవునికి స్తోత్రం.

2. బుధవారం

నేనెందుకు ఈ వయసులో పాఠాలకు వెళుతున్నానో కూడా రాయాలి.

ఒకప్పుడు ఇక్కడ లంకలుండేవి. వాటిని సముద్రం తీసుకున్నాక మా తాతలు తెప్పలు కట్టుకున్నారు. ఊళ్ళో ఒక్కో ఇంటికి ఒక్కో వంతు. మాది నీళ్ళ వంతు, నాన్న కాలం నుంచీ. సముద్రపు నీళ్ళు తోడే మోటార్లూ, ఊరికి వదిలే వాల్వులూ దేవదానం చూస్తాడు. ఉప్పు తీసే వడపోతలూ, ఉప్పు మీటర్లూ కెజియావి.

ఇవన్నీ నడిపే సాఫ్ట్‌వేర్‌ని మేం అల్లిక అంటాం. దాన్ని మనుషులు రాయడం మానేసి చాలాకాలమైంది. రాతయంత్రానికి నోటితో చెబితే అదే రాస్తుంది. ఎవరికి ఏది తోస్తే అది చెబుతూ వచ్చారు. యంత్రం కాదనకుండా కలుపుతూ వచ్చింది. ఏది ఎందుకు ఉందో ఇప్పుడు ఎవరికీ తెలియదు. పోయినేడు వీధిదీపాల అల్లికలో ఒక మాట మారిస్తే బడి గంట మోగడం మానేసింది. పిల్లలు సంతోషించారు. పంచాయతీ మాత్రం ప్రతి వంతు ఇంటి నుంచీ ఒకరు ఆర్కిటెక్టు పని నేర్చుకు తీరాలంది.

మా ఇంట్లో దేవదానం వెళితే కెజియా ఊరుకోదు. కెజియా వెళితే దేవదానం ఊరుకోడు. వాళ్ళిద్దరికీ మాటల్లేవు. కొన్నేళ్ళ కిందట క్రిస్మస్ పాటల్లో కెజియా ఒక్కతే ఒక చరణం పాడింది. పాట అయ్యాక దేవదానం అందరూ వింటుండగా “శ్రుతి దారితప్పి పడవెక్కేసింది” అన్నాడు. జనం నవ్వారు. ఆనాటి నుంచీ ఇద్దరూ నాతోనే చెబుతారు. పక్కనే కూర్చుని వింటూనే ఉంటారు, అయినా నేను మళ్ళీ చెప్పాలి.

అందుకని నన్ను పంపారు.

బడి తెప్ప మీద పాఠం. రహీమా మేడం టపా పడవలో ఊరూరూ తిరిగి ఈ పని నేర్పుతారు. ఇన్నేళ్ళయినా ఆవిడకు తెప్ప ఊగితే కడుపులో తిప్పుతుంది. అల్లం ముక్క బుగ్గన పెట్టుకునే పాఠం చెబుతారు.

“ఆర్కిటెక్టంటే అందరికీ ఆర్డర్లేసే పెద్ద. అంతేనాండీ?” అని ఐసు వంతు సత్తిరాజు అడిగాడు.

“ఆర్డర్లేసేవాడు మేస్త్రి. ఇల్లు కట్టాక గోడకి రంగు మార్చొచ్చు. గుమ్మం జరపాలంటే గోడ పగలగొట్టాలి. అవునా? అలా తరవాత మార్చడం కష్టమయ్యేవి ఏవో ముందే కనిపెట్టి, వాటి గురించి ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టేవాడు ఆర్కిటెక్టు. ఎలా చెయ్యాలో యంత్రం చెప్తుంది. ఎందుకో మీరు చెప్పాలి.”

తర్వాత ఒక్కొక్కరినీ మీ వంతుకు ఏం కావాలని అడిగారు. సత్తిరాజు అన్నీ కావాలన్నాడు. ఆగకూడదు, తప్పు చేయకూడదు, వేగంగా ఉండాలి, రేపు మార్చుకునే వీలుండాలి.

“పెళ్ళిభోజనం కాదయ్యా అన్నీ విస్తట్లో వేయించుకోడానికి. ఒకటి గట్టిగా పట్టుకుంటే ఇంకోటి కాస్త జారుద్ది. దేన్ని జారనిస్తావో అది కూడా చెప్పు.”

నేను నీళ్ళకు ‘తప్పు చేయకూడదు’ అని చెప్పాను. ఉప్పునీళ్ళు ఊళ్ళోకి వెళ్ళకూడదు కదా. కాస్త ఆగినా ఫరవాలేదన్నాను. ఆవిడ తలూపారు. నాకు పలక పట్టుకుని మొదటిసారి బడికి వెళ్ళినంత సంతోషంగా ఉంది.

3. ఆదివారం

ఆరాధన అయ్యాక, కెజియా పడవెక్కకముందే, ఏలియా తెర మీదికి వచ్చాడు. ముఖం ఉబ్బి ఉంది, నవ్వు మాత్రం తగ్గలేదు.

“వదినా, నన్ను ఉతికే మిషను మన ఊరికే వస్తదంట. ఇస్త్రీ ఒక్కటీ కెజియా చూసుకోవాలి.”

వెనకనున్న డాక్టర్ హేమలత గారు వివరంగా చెప్పారు. నౌక దగ్గర ఒక డయాలసిస్ యంత్రం మిగులుతుంది. దాన్ని తెప్పలపేటలో పెట్టగలరు. ఏలియా ఇంటికి వచ్చేయవచ్చు. మా ఊళ్ళోనే మరికొందరికి కూడా పనికొస్తుంది. అలల కరెంటు బలంగా ఉండేది ఉదయాలే కాబట్టి అది అప్పుడే నడవాలి. నడుస్తున్నంతసేపూ మంచినీళ్ళు తెగకూడదు. మధ్యలో తెగితే మనిషికి ప్రమాదం.

“మీ గొట్టానికి ఒక మీటరు పెట్టి చూస్తామండీ. వారం పాటు ఏ ఉదయమూ నీళ్ళు ఆగకపోతే యంత్రం మీదే.”

“ఆగితే?” అంది కెజియా.

“అడిగిన ఊళ్ళు ఇంకా ఉన్నాయమ్మా.”

వానాకాలం దాటాక నౌక దక్షిణానికి వెళ్ళిపోతుంది. అప్పుడు కెజియాకు ఆదివారాలు కూడా ఉండవు. ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు. ఏలియా మాత్రం “చేపల పులుసు తినకూడదంట వదినా, వాసన చూడొచ్చంట. ఇంటికొస్తే అంతే చాలు” అన్నాడు.

ఇంతవరకైనా దారి కనిపించింది. స్తోత్రం.

4. గురువారం

మంగళవారం మీటరు పెట్టారు. బుధవారం తెల్లవారేసరికే నీళ్ళు ఆగాయని తేలింది. డాక్టరు గారు దయగల మనిషి. నెలాఖరున ఇంకోసారి చూస్తామన్నారు, ఆఖరుసారి.

దేవదానం మోటారు మార్చాడు. పంచాయతీ గోదాంలో ఉన్న కొత్తది బతిమాలి తెచ్చాడు. కెజియా వడపోతలన్నీ విప్పి కొత్త పొరలు వేసింది. ఇద్దరూ రోజంతా ఒకే గదిలో, ఒకరికొకరు వీపు పెట్టుకుని పనిచేశారు.

“అక్కా, స్పానరు అందించమను.”

“అక్కా, స్పానరు ఆయన కాలికిందే ఉందని చెప్పు.”

అంత చేసినా ఈ ఉదయం మళ్ళీ ఆగింది. ఇదివరకటికన్నా ఎక్కువసేపు. చేపల తెప్ప చివరి ఇళ్ళవాళ్ళు ఖాళీ బిందెలతో మా గుమ్మంలోకి వచ్చారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

కెజియా వడపోతల గదిలో నేల మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను.

“నువ్వు ప్రార్థన చెయ్యక్కా. నాకు మాటలు రావట్లేదు” అంది.

చేస్తున్నానమ్మా అన్నాను. రేపటి నుంచి ఇంకా ముందే లేస్తాను. ఏలియా పేరు దగ్గర ఇంకాసేపు ఉంటాను.

5. బుధవారం

ఈరోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

రహీమా మేడం బడి నేల మీద సుద్దముక్కతో బొమ్మలు గీయించారు. వంతులో ఉన్న ఒక్కో పనికి ఒక్కో గడి. ఎవరు ఎవరితో మాట్లాడితే వాళ్ళ మధ్య గీత.

“ఎలా ఉండాలో గీయకండి. ఎలా ఉందో గీయండి. తెలీకపోతే రాతయంత్రాన్ని అడగండి. అది అబద్ధం చెప్పదు, అడగనిది మాత్రం చెప్పదు.”

నేను మోటార్లు, వడపోతలు, ఉప్పు మీటరు, వాల్వులు, నాలుగు గడులు గీశాను. ఒక్కొక్కదాని గురించీ యంత్రాన్ని అడిగాను. మోటారు ఎవరితో మాట్లాడుతుంది? ‘పెద్దక్కతో.’ వడపోతలు? ‘పెద్దక్కతో.’ మీటరు, వాల్వు? ‘పెద్దక్కతో.’

మధ్యలో ఐదో గడి గీయాల్సి వచ్చింది. గీతలన్నీ దాన్లోకే వెళ్ళాయి. మిగతా నాలుగింటి మధ్య ఒక్క గీత కూడా లేదు.

మేడం అల్లం నములుతూ చాలాసేపు చూశారు.

“మోటారూ వడపోతా ఒకదాంతో ఒకటి మాట్లాడుకోవా?”

“లేదండి.”

“ఇంట్లో?”

“ఇంట్లో కూడా మాట్లాడుకోరండి.”

క్లాసంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

“మనుషులు ఎలా మాట్లాడుకుంటే అల్లిక అలాగే అల్లుకుంటది. చాలా ఊళ్ళలో చూశాను. సరే, ఈ ఐదో గడి ఎప్పుడైనా పలక్కపోతే?”

“అదేంటండీ, అది నేనే కదా. పట్టీ ఎప్పుడూ చేతికే...”

అక్కడ ఆగాను. మేడం యంత్రం వైపు చూపించారు.

ఈ ఉదయం నీళ్ళు ఎందుకు ఆగాయని అడిగాను. ‘పెద్దక్క సరే అనడం కోసం ఎదురు చూశాను’ అంది. నన్ను ఎందుకు కదిలించలేదన్నాను. ‘అక్క ప్రార్థనలో ఉంటే కదిలించవద్దని దేవదానం గారు చెప్పారు.’ అసలు నన్ను ఎందుకు అడగాలన్నాను. ‘అక్కకు చెప్పకుండా ఏదీ చేయవద్దని దేవదానం గారు చెప్పారు. అక్కకు చెప్పకుండా ఏదీ చేయవద్దని కెజియా గారు చెప్పారు.’

ఒకరికి తెలియకుండా ఒకరు చెప్పి ఉంటారు. యంత్రం కాదనలేదు.

ఈమధ్య ఎక్కువసేపు ఎందుకు ఆగుతున్నావని చివరగా అడిగాను.

‘ప్రార్థన ఎక్కువసేపు జరుగుతోంది’ అంది.

నేను ఎవరి కోసం ఎక్కువసేపు మోకాళ్ళ మీద ఉంటున్నానో నాకు తెలుసు. క్లాసులో ఎవరూ నవ్వలేదు. సత్తిరాజు తన సుద్దముక్కను చూసుకుంటూ కూర్చున్నాడు.

“ప్రార్థనలో తప్పు లేదండీ సువార్తమ్మగారూ. దానికి కుళాయి కట్టకూడదు, అంతే” అన్నారు మేడం.

“కావాలని ఎవరూ కట్టలేదండి. గౌరవం కొద్దీ కట్టారు.”

“గౌరవం కొద్దీ కట్టినవే విప్పడం కష్టం.”

ఇంటికి నడిచి వస్తూ అనుకున్నాను. నేను వంటింట్లోకి వచ్చేసరికి నీళ్ళు రావడం దేవుని దయ అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆయన దయకు నా వేలు అక్కర్లేదు. ఆలస్యంగానైనా చూపించాడు. స్తోత్రం.

6. శనివారం

ముందు తేలికైన దారే చూశాను. పట్టీ చేతికి ఉంచుకునే మోకరించాను. ప్రార్థనలో కూడా కదిలించమని యంత్రానికి చెప్పాను.

తండ్రీ అనేలోగా గుర్రుమంది. రెండో మోటారు వేయనా? సరే. కళ్ళు మూసుకున్నాను. వడపోత కడగనా? సరే. ఏలియా పేరు దగ్గరికి వచ్చేసరికి నేను దేవుడితో మాట్లాడుతున్నానో వాల్వుతో మాట్లాడుతున్నానో తెలియలేదు. అయితే నీళ్ళు ఆగలేదు. కుళాయి ధార చూసి దేవదానం నా చేతులు పట్టుకున్నాడు. నేను అతనికి ఇంకా ఏమీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం నాకు జ్వరం తగిలి నిద్రపట్టేసింది. పట్టీ ఎంత గుర్రుమన్నా లేవలేదట. ఊళ్ళో పట్టపగలు నీళ్ళు ఆగాయి.

సాయంత్రం మేడం కషాయం పొడి పట్టుకుని చూడటానికి వచ్చారు. నేను చేసింది చెప్పాను.

“గోడ పగలగొట్టాల్సిన చోట రంగేశారు” అన్నారు.

“నన్ను తీసేస్తే చూసేవాళ్ళెవరండీ? ఉప్పునీళ్ళు వెళ్ళిపోతే?”

“ఇన్నేళ్ళలో మీరు ఎన్నిసార్లు వద్దన్నారు?”

ఆలోచించాను. ఒక్కసారి కూడా వద్దనలేదు. మీటరు ఏం చెప్పిందో ఏనాడూ చూడలేదు. సరే, సరే అంటూ వచ్చాను.

“మరి ఆర్కిటెక్టు ఏం చెయ్యాలండీ? నేను లేకుండా నడిచేది నేర్చుకుని నాకేం పని?”

ఆవిడ నవ్వారు. “అదే పని. మీరు పక్కకి జరిగినా ఇల్లు నిలబడాలి. ఎవరు ఎవరితో ఏ మాట మాట్లాడాలో వాళ్ళచేతే ఒప్పించండి. ఆ మాట ఎందుకు ఒప్పుకున్నారో, దానికోసం ఏం వదులుకున్నారో చెప్పించండి. మళ్ళీ అవసరం వచ్చినప్పుడు ఎందుకు అని అడగండి.”

వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి “జ్వరం తగ్గాకే లెండి” అన్నారు. నాకన్నా చిన్నదైన ఆ మనిషిని దేవుడు నాకు గురువుగా ఇచ్చాడు.

7. మంగళవారం

దీపాలు పెట్టే వేళకు అందరినీ కూర్చోబెట్టాను. దేవదానం, మార్త, కెజియా. తెర మీద ఏలియా. నాలుగు గడుల బొమ్మ పలక మీద గీసి చూపించాను. ఐదో గడి గీసి, అది నేనని చెప్పాను. నీళ్ళు ఎందుకు ఆగుతున్నాయో, ఎందుకు ఎక్కువసేపు ఆగుతున్నాయో చెప్పాను.

కెజియా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“వదినా, అంత ప్రార్థన చేశావన్నమాట నాకోసం. ఊరు ఎండిపోయేంత” అన్నాడు ఏలియా.

మార్త ఫక్కున నవ్వింది. అప్పుడు అందరికీ ఊపిరి ఆడింది.

ఐదో గడిని చెరిపేద్దామన్నాను. ఉప్పు మీటరు నేరుగా వాల్వుతో మాట్లాడాలి. దేవదానం తల అడ్డంగా ఊపాడు.

“ఆ పని నావల్ల కాదు. నీకు చెప్పకుండా ఈ ఇంట్లో పుల్ల కదలదు. నాన్న పోతా పోతా చెప్పిన మాటది.”

“నేను కూడా ఒప్పుకోనక్కా” అంది కెజియా.

“చూశావా బావా, ఇన్నేళ్ళకి ఇద్దరికీ ఒక మాట కుదిరింది. అది నా మీదికే వచ్చింది” అన్నాడు ఏలియా.

నేను పట్టీ విప్పి చాప మీద పెట్టాను. “ఒరే దానం, నువ్వు నన్ను గౌరవిస్తున్నావు. దానికి నేను రోజూ దేవునికి వందనాలు చెబుతాను. కానీ నాకు జ్వరం వచ్చిన రోజున ఇతని రక్తం గొట్టాల్లో ఉంటే ఏం చేస్తావు?”

అతను తెర వైపు చూడలేకపోయాడు. చేతి గ్రీజు తుడుచుకుంటూ అన్నాడు. “పరీక్ష వారం వరకైతే సరే. ఆ వారం ఒక్కటీ.”

“చాలు. ఇక మీరిద్దరూ మాట్లాడుకోండి. మీటరు వాల్వుకు ఏం చెప్పాలో మీరే తేల్చాలి. నేను మధ్యలో రాను.”

దేవదానం గొంతు సవరించుకున్నాడు. అలవాటుగా నా వైపు తిరిగాడు. నేను కిటికీ వైపు తిరిగాను. చివరికి చాప మీది పట్టీతో చెబుతున్నట్టు అన్నాడు. “ఉప్పు ఎక్కువైతే చెప్పమను.”

“ఎక్కువంటే ఎంత? వీళ్ళింట్లో కూరలో వేసుకునేంతా?” కెజియా కూడా పట్టీతోనే అంది.

“నా కూర జోలికి రావొద్దు తల్లీ” అంది మార్త.

“మీటరు మీద గీత ఉంటది కదా. ఆ గీత దాటితే.”

“ఏ గీత? తాగడానికి ఒక గీత. మిషనుకి ఇంకా కింద ఉంటది. అది కూడా తెలీదా?”

“నాకెలా తెలుస్తది, ఎప్పుడన్నా చెప్పావా?” అన్నాడు దేవదానం. ఈసారి చెల్లెలి వైపే చూసి అన్నాడు.

కెజియా పలక అతని వైపు జరిపింది. తర్వాత మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. తాగునీటి గీత ఎక్కడ, మిషను గీత ఎక్కడ, మీటరు ఎన్నాళ్ళకొకసారి తప్పు చూపిస్తుంది. అతను వింటూ పలక మీద రాసుకున్నాడు. ఒకచోట మాత్రం ఇద్దరూ మొండికేశారు. మీటరు అసలు పలక్కపోతే వాల్వు ఏం చేయాలి?

“మూసేస్తా. ఉప్పుందో లేదో తెలీకుండా ఊరికి ఎలా వదుల్తాను?”

“మూసేస్తే ఆయన ప్రాణం మీదికొస్తదన్నా.”

అన్నా అంది. ఎవరూ ఆ మాట పట్టించుకున్నట్టు కనిపించలేదు. మార్త లేచి వెళ్ళి దీపం ఒత్తి సరిచేసింది, అవసరం లేకపోయినా.

ఇద్దరి మాటా నిజమే. ఊరికి ఉప్పునీళ్ళు వెళ్ళకూడదు, ఏలియాకు నీళ్ళు ఆగకూడదు. మొదటి పాఠంలో నేను ఊరి మాటే చెప్పాను. ఒకే గొట్టంతో రెండూ కుదరవు. ఏలియా మిషనుకు వేరే ట్యాంకు ఉండాలన్నాను. పరీక్షించిన నీళ్ళతో ముందే నిండి ఉంటే, వాల్వు మూసుకున్నా అతని పూట గడుస్తుంది. కానీ ఊళ్ళో ఖాళీ ట్యాంకు లేదు. తెప్పలు మోయగల బరువుకు లెక్క ఉంది, కొత్తది పెట్టనివ్వరు.

“మన ఇంటి మీదుంది కదా” అంది మార్త.

నీళ్ళ వంతు ఇల్లు కాబట్టి సొంత ట్యాంకు ఉన్నది మాకే. అది ఇచ్చేస్తే అందరిలాగా మేమూ వీధి కుళాయి దగ్గర నిలబడాలి.

“నువ్వు నిలబడతావా?” అన్నాడు దేవదానం.

“నిలబడి కబుర్లు చెప్పుకుంటాను. ఈ ఇంట్లో ఎవరు మాట్లాడుకున్నారు గనక” అంది మార్త.

8. శుక్రవారం, పరీక్ష వారం

సోమవారం నుంచి నా పట్టీ మౌనంగా ఉంది. మొదటి రోజు రెండుసార్లు విదిలించి చూసుకున్నాను, పాడైందేమోనని. చేతికి ఏమీ తోచక వంటింట్లో డబ్బాలన్నీ దించి తుడిచాను. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. అది తేలిక అని చెప్పను.

ఈ ఉదయం ప్రార్థన ముగించి బయటికి వస్తే, తెప్ప అంచున దేవదానం, కెజియా ఇద్దరూ తడిసి నిలబడి ఉన్నారు. నేను మోకాళ్ళ మీద ఉన్న సమయంలోనే పీతొకటి ఉప్పు మీటరు తీగను కొరికిందట. మీటరు పలకడం మానేసింది. వాల్వు తనంతట తాను మూసుకుంది. ఊళ్ళో కుళాయిలు కాసేపు ఆగాయి. వైద్య నౌకవాళ్ళ మీటరున్న గొట్టంలో మాత్రం మా పాత ట్యాంకు నీళ్ళు నడుస్తూనే ఉన్నాయి. ఈలోగా కెజియా అన్నను కేకేసింది, అతను దిగి తీగ పట్టుకున్నాడు, ఆమె కలిపింది.

“నన్ను లేపలేదేం?” అన్నాను.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. “నువ్వు గుర్తు రాలేదక్కా” అంది కెజియా. అనేశాక భయపడింది.

నేను ఆమె తడి తల నిమిరాను. వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఊరికే కూర్చున్నాను. కాస్త బాధ ఉంది. దానికన్నా పెద్దగా ఇంకోటి ఉంది. దానికి స్తోత్రం తప్ప వేరే మాట నాకు తెలియదు.

9. సోమవారం

మధ్యాహ్నం హేమలత గారి దగ్గర నుంచి కబురు వచ్చింది. వారమంతా ఆ గొట్టంలో నీళ్ళు తెగలేదు. యంత్రం గురువారం పడవలో వస్తుంది. దానితోపాటే ఏలియా.

సాయంత్రం మళ్ళీ కూర్చున్నాం. దేవదానం ముందే సిద్ధమై వచ్చాడు.

“పరీక్ష అయిపోయింది కదక్కా. ఒక వారమే అనుకున్నాం. నీ సరే మళ్ళీ పెట్టిస్తాను. పట్టీ మూగబోతే నువ్వు చిన్నబుచ్చుకోవడం నేను చూశాను.”

చూశాడంటే సంతోషం వేసింది. కాదని అబద్ధం చెప్పలేదు.

“చిన్నబుచ్చుకున్నానురా. అయినా వద్దు. నన్ను అడిగితే నేను సరే అంటాను. చూడకుండానే అంటాను. మీరు ఇద్దరూ చూసి అంటున్నారు.”

అతను కెజియా వైపు తిరిగాడు. “నువ్వేమంటావు?”

“మీటరు తీగకి గొట్టం తొడిగిద్దాం. పీతలు మళ్ళీ వస్తాయి” అంది కెజియా. అదే ఆమె జవాబని అతనికి అర్థమైంది.

రహీమా మేడం నేర్పిన పద్ధతిలో, మా తర్వాత వచ్చేవాళ్ళు ఎందుకు అని అడిగితే తెలిసేలా, ఈ సాయంత్రం మా ఇంట్లో తేల్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

మీటరూ వాల్వూ నేరుగా మాట్లాడుకుంటాయి. పెద్దక్కను అడగవు. ఎందుకంటే మనిషికి జ్వరం వస్తుంది, నిద్ర వస్తుంది, ఒకరోజు మరణం వస్తుంది. వాటికోసం ఊరి నీళ్ళు ఆగకూడదు. మీటరు పలక్కపోతే ఊరి వాల్వు మూసుకుంటుంది. దానివల్ల ఊళ్ళో అప్పుడప్పుడూ కుళాయిలు ఆగుతాయి. అది తెలిసే ఒప్పుకున్నాం, పంచాయతీకి కూడా చెబుతాం. మా ఇంటి ట్యాంకు డయాలసిస్ యంత్రం పెట్టే తెప్పకు శాశ్వతంగా ఇస్తున్నాం. వీధి కుళాయికి మార్త, నేను వంతులవారీగా వెళతాం. గీతలు మార్చాల్సి వస్తే దేవదానం, కెజియా ఇద్దరూ కూర్చునే మార్చాలి. ఒక్కరు చెబితే రాతయంత్రం వినదు. వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టడం నా పని. నాకు మిగిలింది అదొక్కటే, నాకది చాలు.

ఇందులో పోయేది ఏమిటో కూడా రాయాలి. ఉదయం ఇక ఎవరూ నన్ను అడగరు.

అందరూ ఒప్పుకున్నారు. ఏలియా తెర మీద రెండు చేతులూ ఎత్తాడు.